అప్‌డేట్: ఐటీఐ చదివిన తమ్ముడికి పని అనుభవం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న (అనంతపురం)

ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేసిన మా తమ్ముడికి అనుభవం లేదంటూ ఎవరూ పని ఇవ్వడం లేదని, చేతిపని నేర్పే చోటు అనంతపురంలో ఉందా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫలించినది గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ గురించిన సలహా. బ్యాంకులు జిల్లాల వారీగా నడిపే ఈ సంస్థల్లో శిక్షణ, భోజనం, వసతి ఉచితం. శిక్షణ ముగిశాక కూడా రెండేళ్లపాటు అభ్యర్థి బాగోగులు కనుక్కుంటూ, సొంతంగా దుకాణం పెట్టుకునేవారికి బ్యాంకు రుణం విషయంలో తోడ్పడతారు. మావాడు మోటారు రివైండింగ్ (కాలిపోయిన మోటారులోని తీగచుట్టలు తీసి కొత్తవి చుట్టే పని) కోర్సులో చేరాడు. బోర్ల మీద నడిచే సేద్యం చాలా ఉన్న మన ప్రాంతంలో కాలిపోయిన మోటార్లకు కొదవ లేదు కనుక, ఇంటి వైరింగ్ కన్నా ఇదే మేలని శిక్షకుడు చెప్పిన మాట నిజమైంది. పాత చుట్టలు విప్పేటప్పుడే చుట్ల లెక్కా తీగ మందమూ రాసుకోవడం, నీటిలో మునిగి పనిచేసే మోటారుకు ఎనామిల్ తీగ కాక ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడటం వంటివి అతని చేతికి పట్టుబడింది అక్కడే. ఇప్పుడు తాడిపత్రిలో ఒక రివైండింగ్ దుకాణంలో జీతానికి చేస్తున్నాడు.

ఐటీఐ మార్కులను ఎవరూ అడగలేదు. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసినా దగ్గర్లో ఖాళీలు కనిపించలేదు. డిపాజిట్ కడితే ఉద్యోగమన్న ఏజెన్సీ జోలికి మేము పోలేదు. కోర్సు తేదీలను మాత్రం సంస్థకే వెళ్లి కనుక్కోవడం మంచిది.