సీజీపీఏ 6.8: ఇంటర్న్‌షిప్ రెజ్యూమెలో వేయాలా, వదిలేయాలా?

మూడో_ఏడు_సీఎస్ఈ:
జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ, 2027 బ్యాచ్. సీజీపీఏ (ఇప్పటిదాకా అన్ని సెమిస్టర్ల సగటు, పదికి) 6.8. ఒక సబ్జెక్టు పోతే సప్లీలో క్లియర్ చేశాను. పదో తరగతి 2021లో, జీపీఏ 10. వేసవి ఇంటర్న్‌షిప్‌కి రెజ్యూమె రాస్తున్నాను. సీజీపీఏ తీసేసి పదో తరగతి జీపీఏ ఒక్కటే ఉంచమంటున్నారు సీనియర్లు. మీరేమంటారు?

కోడ్_కొట్టు:
సీజీపీఏ తీసేయ్ తమ్ముడూ. పదో తరగతిదీ తీసేయ్. 2021లో కరోనా వల్ల పరీక్షలే జరగలేదు, ఆ 10ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ జాగా ప్రాజెక్టులకివ్వు. చిన్న స్టార్టప్‌లో రెజ్యూమె చూసేది ఎక్కువగా టీమ్ లీడే. నువ్వు ఏం కట్టావో వెతుకుతాడు.

“కాలేజీ బస్ ట్రాకింగ్ యాప్ – జావా, ఫైర్‌బేస్” అని రాసి వదిలేస్తే ఏమీ అర్థం కాదు. ఇలా రాయి: “బస్సు ఎక్కడుందో 10 సెకన్లకోసారి చూపించే ఆండ్రాయిడ్ యాప్. లొకేషన్ పంపే భాగం నాది. సిగ్నల్ పోతే వివరాలు ఫోన్‌లోనే నిల్వ ఉండి, సిగ్నల్ రాగానే సర్వర్‌కి వెళ్తాయి.” నలుగురు కలిసి చేసిన మినీ ప్రాజెక్టులో నీ వాటా ఏదో తేల్చకపోతే, ఇంటర్వ్యూలో పట్టుకునేది అక్కడే.

నియామకాల_బల్ల:
ప్రాజెక్టు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సీజీపీఏ తీసేయమనడం మాత్రం తప్పు. ఇంకా చదువుతున్న విద్యార్థి రెజ్యూమెలో మార్కులు లేకపోతే, చూసేవాళ్లు ఆరుకి లోపే ఉందనుకుంటారు. ఉన్నదానికన్నా తక్కువ అంచనా వేయించుకోవడం దేనికి?

పైగా ఒక్కసారి లెక్క చూడండి. జేఎన్‌టీయూహెచ్ పద్ధతిలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. 6.8 అంటే 63 శాతం. చాలా కంపెనీలు పెట్టే 60 శాతం గీత దాటేసినట్టే. దాటిన అంకెని దాచుకోవడమేంటి?

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. సీబీఎస్ఈ పదో తరగతికి ఒకప్పుడు వాడిన 9.5తో గుణించి 64.6 అని ఒకరు, నేరుగా పదితో గుణించి 68 అని ఇంకొకరు వేస్తారు. తర్వాత మెమోలు తనిఖీ చేసేటప్పుడు తేడా బయటపడితే, చేతికొచ్చిన ఆఫర్ కూడా ఆగిపోవచ్చు. అన్ని యూనివర్సిటీల సూత్రమూ ఒకటి కాదు, మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఉన్నదే వాడండి. అన్నిటికన్నా క్షేమం, శాతంలోకి మార్చకుండా “సీజీపీఏ 6.8/10, 5వ సెమిస్టర్ వరకు” అని వేయడం.

కోడ్_కొట్టు:
60 గీత క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీల సంగతండీ. బయట ఒక్క ఇంటర్న్ సీటుకి వందల రెజ్యూమెలు వస్తాయి. 8.7 పక్కన 6.8 కనబడితే ప్రాజెక్టు దాకా చదవరు. ఫామ్‌లో అడిగితే నిజం చెప్పాల్సిందే, అందులో రెండో మాట లేదు. అడగని చోట మనంతట మనం చూపించనక్కర్లేదంటున్నా.

నియామకాల_బల్ల:
అయితే రెండు కాపీలు పెట్టుకోమనండి, ఒప్పుకుంటాను. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌కి ఇచ్చేదాంట్లో సీజీపీఏ ఉండి తీరాలి. బయటికి పంపేదాంట్లో చదువు ఒక్క లైనే: కాలేజీ, బ్రాంచి, 2027. ఆ సంవత్సరం మాత్రం ఎక్కడా వదలొద్దు, బ్యాచ్‌ని బట్టే జల్లెడ పడతారు. సప్లీ సంగతి రెజ్యూమెలో రాయక్కర్లేదు. ఫామ్‌లో మాత్రం “ప్రస్తుత బ్యాక్‌లాగ్‌లు” (ఇంకా పాసవ్వని సబ్జెక్టులు), “గతంలో ఉన్నవి” అని రెండు గడులుంటాయి. మొదటిదాంట్లో 0, రెండోదాంట్లో 1. రెండింట్లోనూ సున్నా వేసి ఇరుక్కోవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్_అక్క:
ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ. ఈఈఈ, మెకానికల్ పిల్లలు ఇది చదివి సీజీపీఏ తీసేయకండి. ప్రభుత్వ రంగ సంస్థల్లో ట్రైనింగ్‌కి కాలేజీ లెటర్‌తో వెళ్తాం, మార్కులు దాచే వీలే ఉండదు. ఐఐటీల సమ్మర్ ఫెలోషిప్‌లైతే మార్కులే మొదట చూస్తాయి. 6.8తో అక్కడ కష్టమే. దానికన్నా ల్యాబ్‌లో చేతులతో చేసింది రాయండి. “మాట్‌ల్యాబ్ వచ్చు” అంటే సరిపోదు. ఏ సర్క్యూట్‌ని సిమ్యులేట్ చేశారు, బోర్డు మీద కొలిస్తే ఎంత తేడా వచ్చింది, ఎందుకొచ్చింది అన్నవి ఉండాలి.

మూడో_ఏడు_సీఎస్ఈ:
రెండు కాపీలు చేస్తానండీ. ఫొటో, రెండు కాలమ్‌లు, నైపుణ్యాలకి చుక్కలున్న టెంప్లేట్ ఒకటి దొరికింది. వాడొచ్చా?

కోడ్_కొట్టు:
వద్దు. ఆ పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. ఎడమ కాలమ్ లైన్లు కుడి కాలమ్‌లో కలిసిపోయి, ఫోన్ నంబరు ప్రాజెక్టు మధ్యలో తేలితే, కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా అలాగే చదివే అవకాశముంది. పైథాన్‌కి ఐదులో నాలుగు చుక్కలంటే ఎవరికేం తెలుస్తుంది? ఫొటో, నాన్నగారి పేరు, కింద డిక్లరేషన్ తీసేయ్. ఒకే కాలమ్, ఒకే పేజీ. ఫైల్‌కి నీ పేరు, బ్రాంచి, 2027 పెట్టు. గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైటు) లింకు వేరే ఫోన్‌లో, లాగిన్ లేకుండా తెరిచి చూడు. రిపో (నీ ప్రాజెక్టు కోడ్ ఉన్న చోటు) ప్రైవేట్‌లో ఉండిపోతే అవతలివాళ్లకి ఎర్రర్ పేజీయే కనిపిస్తుంది.

సీజీపీఏ విషయంలో మాత్రం బయటి కాపీకి నా మాట అదే.

నియామకాల_బల్ల:
7 దాటాక రెండు కాపీల్లోనూ వేసేయ్ తమ్ముడూ. 6వ సెమిస్టర్ ఫలితాలు రాగానే “5వ సెమిస్టర్ వరకు” అన్న మాట మార్చడం మర్చిపోవద్దు.