స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్ మీద రెడ్ డాట్ జీరో నిలవడం లేదు

విజయనగరంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో 10 మీటర్ల ప్రాక్టీసు. .177 స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ పిస్టల్, సైటు బిగించే 11 మి.మీ. డవ్‌టెయిల్ రైలు, దానిమీద 3 ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు కోణం) ట్యూబ్ రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపే సైటు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లో ఆప్టికల్ సైట్లు చెల్లవు, ఇది కేవలం సరదా షూటింగుకే.

జీరో చేశాక, అంటే చుక్క పెట్టినచోటే పెల్లెట్ పడేలా సైటు సర్దాక, మొదటి 20 పెల్లెట్లు అనుకున్నచోటే పడతాయి. ఆ తర్వాత గ్రూపు మెల్లగా పైకి పాకుతుంది, 50 దాటేసరికి 3 సెం.మీ. తేడా. గ్రూపు చెదరదు, మొత్తంగా జరుగుతుంది. పక్కలకి కదలదు. సైటు సర్దే స్క్రూ క్లిక్కుకి 1 ఎంఓఏ, అంటే 10 మీటర్లకి దాదాపు 3 మి.మీ. పది క్లిక్కులు దించితే సర్దుకుంటుంది, కాసేపటికి మళ్లీ అదే వరస.

రైలునీ, సైటుని దానికి పట్టి ఉంచే మౌంటునీ అసిటోన్‌తో తుడిచి, స్క్రూలు వదులవకుండా నీలం థ్రెడ్ లాకర్ రాసి, వెనక స్టాప్ పిన్ పెట్టి చూశాను. మౌంటు నుంచి రైలు మీదకి గీసిన గోళ్లరంగు గీత వెంట్రుకవాసి కూడా తెగలేదు. పిస్టల్‌ని ఇసుక సంచి మీద కదలకుండా ఉంచి తల అటూఇటూ జరిపితే డాట్ 5 మి.మీ. లోపే కదులుతోంది, కాబట్టి పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనపడటం) కాదు. సైట్ తీసేసి ఓపెన్ సైట్లతో అదే డబ్బాలోని పెల్లెట్లు కాలిస్తే ఈ పాకడమే లేదు. పొద్దున్న చల్లపూట కాల్చినా, మధ్యాహ్నం రేకుల వేడిలో కాల్చినా ఒకటే తీరు.

స్ప్రింగ్ గన్ ముందు వెనక్కి, వెంటనే ముందుకి తంతుంది. ఆ రెండో దెబ్బకి సైటు లోపలి ట్యూబుని ఎలివేషన్ స్క్రూకి (గురి ఎత్తు మార్చేది) అదిమిపెట్టే స్ప్రింగ్ లొంగిపోతోందని నా అనుమానం.

ఇలాంటి ట్యూబ్ సైట్ విప్పి ఆ స్ప్రింగ్ బిగువు సరిచేసుకోవచ్చా, లేక స్ప్రింగ్ ఎయిర్ గన్ రికాయిల్ తట్టుకునే సైటే కొనాలా?