ప్రింటర్ రంగు కార్ట్రిడ్జ్‌లో ఇంకు నింపాక పసుపు మాత్రం పడట్లేదు, ఏం చేయాలి?

మాది గుంటూరు, బ్రాడీపేట. కొత్త కార్ట్రిడ్జ్ ధర వింటే ఇంకో ప్రింటరే కొనొచ్చనిపిస్తుంది, అందుకే ఇంట్లోనే సిరంజితో ఇంకు నింపుతున్నాను. నలుపుతో ఏ గొడవా లేదు. తంటా అంతా మూడు రంగుల కార్ట్రిడ్జ్‌తోనే. స్టిక్కర్ తీసి, రంధ్రాల్లోంచి స్పాంజి తడిసేదాకా మెల్లగా ఎక్కించాను. నాజిల్ ప్లేటును (కార్ట్రిడ్జ్‌లో ఇంకు బయటికొచ్చే సన్న రంధ్రాలున్న భాగం) టిష్యూ మీద అద్దితే నీలం, గులాబీ చారలు చక్కగా పడుతున్నాయి, పసుపు జాడే లేదు. ప్రింటర్‌లో హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మి నాజిల్ శుభ్రం చేసుకోవడం) పెడితే మిగతా రంగులు దండగ. ఈ ఎండలకు నాజిల్ ఎండిపోయిందా, స్పాంజిలో గాలి ఇరుక్కుందా? గోరువెచ్చని నీళ్లలో తడిపిన టిష్యూ మీద కాసేపు ఆనించి ఉంచితే సరిపోతుందా, లేక కింది నుంచి సిరంజితో లాగాలా? రంగులకు డై ఇంకే (రంగు పూర్తిగా కరిగి ఉండేది) వాడాను, పిగ్మెంట్ (సన్నటి రంగు పొడి కలిపినది) కాదు. అరండల్‌పేట వైపు నమ్మకంగా రీఫిల్ చేసేవాళ్లుంటే అదైనా చెప్పండి.