ఊరి పేరు చివర వలస ఉంటే ఏటర్థం?

పొద్దున్న గ్రూపులో ఒకావిడ అడిగారు కదా, మా అమ్మమ్మగారి ఊరి పేరు చివర వలస అని ఉంది, అంటే మావాళ్ళు పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్ళా అని. కింద కామెంట్లలో అందరూ అవునవును అనేశారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావట్లేదండి. ఇప్పుడు వలస అంటే మనకి మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, హైదరాబాద్ బస్సు, అపార్ట్‌మెంటు సైటు పక్కన రేకుల షెడ్డు, అంతే గుర్తొస్తాయి. ఊరికి పేరు పెట్టిన రోజున మాటకి ఆ అర్థం ఉండాలని రూలేం లేదు.

బ్రౌన్ నిఘంటువు తీయండి, 1852 నాటిది. శత్రుసైన్యానికి భయపడి ఇల్లూవాకిలీ వదిలి పోవడం అని ఇచ్చాడాయన. అంటే ఇంట్లో ఒక్కడు కూలికి పోవడం కాదు, పిల్లాజెల్లా గొడ్డూగోదా అంతా కలిసి కదిలిపోవడం. మన ఉత్తరాంధ్ర వైపు సైన్యాలు తిరగలేదా అంటే తిరిగాయి, 1794లో విజయనగరం రాజు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన పద్మనాభం ఇక్కడే కదా, వైజాగ్ నుంచి బండి మీద పోయొచ్చు. అలాగని ప్రతి వలసా యుద్ధం వల్లే పుట్టిందని నేననను. శిస్తు మరీ ఎక్కువైతే జమీందారీ రైతు చేయగలిగిందల్లా రాత్రికి రాత్రి లేచి పక్క జమీలోకి ఎల్లిపోవడమే, అక్కడి జమీందారుకి బీడు కొట్టి సాగులోకి తెచ్చే చేతులు కావాలి గనక మొదటి కొన్నేళ్ళు శిస్తు తగ్గించి రమ్మనేవాడు. అలా వచ్చినోళ్ళు పాకలేసుకున్న చోటు కూడా వలసే.

కొత్తవలస పేరే చూడండి, కిరండూల్ రైలు లైను అక్కడే విడిపోతుంది, అరకు పోయేవాళ్ళందరికీ తెలిసిన స్టేషను. ముందు కొత్త అని తగిలించారంటే అప్పటికే వలస అంటే ఊరు అనే అర్థం స్థిరపడిపోయిందనేగా? లేకపోతే కొత్త పారిపోవడం అవుతుంది, అదేం పేరు! ఆమదాలవలసలో కూడా అంతే, వలస అంటే ఊరనే.

  

అమ్మా, మీ ఊరి కథ తెలియాలంటే పేరు దగ్గర ఆగిపోకండి. అంత చిన్న ఊరికి శాసనం ఎవడూ వేయించడు. పొలాల పేర్లు అడగండి. మన దగ్గర మెట్ట మీదది గరువు, కిందది పల్లం, చిన్న చెరువైతే బంద. బంద కింద వరి మళ్ళు ఏ ఇంటిపేరు వాళ్ళవి, చోళ్ళు (రాగులు) గంటెలు (సజ్జలు) వేసే గరువు ఎవరిది, గెడ్డ (వాగు) పక్క కోసుకుపోయే నేల చెక్క ఎవరికి దక్కింది చూస్తే ముందొచ్చినోళ్ళు ఎవరో వెనకొచ్చినోళ్ళు ఎవరో చాలావరకు తేలిపోద్ది, ముందొచ్చినోడు నీళ్ళున్న పల్లం వదిలి మెట్టకి పోడు కదా. అమ్మకాలూ కట్నాలూ తీసేసి చూడాలి, అదొక్కటే చిక్కు. కాగితం కావాలంటే 1948 చట్టంతో జమీలు రద్దయ్యాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రికార్డు అడగండి, సర్వే నంబర్ పక్కన పట్టాదారు పేరుంటుంది. అంతకు ముందు లెక్కలంటే కరణంగారి కట్టలే, 1984లో కరణాల వ్యవస్థ తీసేశాక అవి ఎవరి అటకెక్కాయో, ఎన్ని చెదలు తిన్నాయో.

ముందు మీ మావయ్యగారికి ఫోన్ చేసి ఆ బంద పేరేటో కనుక్కుని ఇక్కడ పెట్టండి.