స్విఫ్ట్‌కి బయట టర్బో పెట్టించాలా, టర్బోతో వచ్చే కారే కొనుక్కోవాలా?

గాజువాక_స్విఫ్ట్:

అందరికీ నమస్కారం. నాది 2018 స్విఫ్ట్ పెట్రోల్, 1.2 మాన్యువల్. 62 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంతవరకూ పెద్ద రిపేరు రాలేదు. ఊళ్లో తిరిగినంతసేపూ బంగారం లాంటి బండి.

పోయిన నెల అరకు వెళ్లాం. నలుగురు పెద్దవాళ్లం, ఒడిలో పాప, డిక్కీ నిండా సామాను, పైగా ఏసీ. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక బండిలో పికప్ అన్నదే లేదు. అనంతగిరికి ముందు ఒక చోట రోడ్డు తిన్నగా కనిపిస్తే ముందున్న బస్సును దాటేద్దామని కుడివైపుకి తీశాను, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేశాను, అయినా బస్సు సగం దగ్గరే ఉండిపోయాను. ఈలోగా ఎదురుగా మలుపులోంచి లారీ ముందుభాగం కనిపించింది. బ్రేక్ కొట్టి మళ్లీ బస్సు వెనక్కే వచ్చేశాను. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు గానీ నా సీటు పట్టుకున్న చెయ్యి మాత్రం అరకు వచ్చేదాకా తియ్యలేదు.

అప్పటినుంచి అదే టెన్షన్. ఒక షెడ్డు వాళ్లని అడిగితే బోల్ట్ ఆన్ టర్బో కిట్ (సైలెన్సర్ వైపు పోయే పొగతో తిరిగి ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే టర్బోని, ఉన్న ఇంజన్‌కే బయటినుంచి బిగించడం) పెడతాం, రెండు లక్షల నలభై వేలు, ఐదు రోజుల్లో బండి ఇచ్చేస్తాం, 130 హార్స్‌పవర్ గ్యారంటీ అన్నారు. ఇది కాకపోతే స్విఫ్ట్ అమ్మేసి ఇంకొంత కలిపి సెకండ్ హ్యాండ్‌లో బాలెనో ఆర్ఎస్ గానీ పోలో 1.0 టీఎస్ఐ గానీ చూసుకోవాలి, రెండూ కంపెనీ టర్బోతో వచ్చినవే. కొత్త ఫ్రాంక్స్ టర్బో అంటే లోన్ పెట్టాలి. ఈ స్విఫ్ట్ నా మొదటి బండి, నాన్న ఉన్నప్పుడు కొన్నది, ఆయన కూడా నడిపారు. అమ్మడానికి మనసు రావట్లేదు, అందుకే కిట్ వైపు మొగ్గుతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇంజన్_పిచ్చి:

తమ్ముడూ, కిట్‌కి అడ్వాన్స్ ఇచ్చి ఉండకపోతే ఇవ్వకు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీ ఇంజన్ కంప్రెషన్ రేషియో 11:1. అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ ఇప్పటికే పదకొండో వంతుకి నొక్కేస్తోంది. మామూలుగా గాలి తనంతట తను లోపలికి వచ్చే ఇంజన్‌కి ఇది బాగుంటుంది, మైలేజీ అందుకే వస్తుంది. ఇప్పుడు దీనికి టర్బో పెట్టి అర బార్ బూస్ట్ ఇస్తే, లోపలికి వచ్చే గాలే ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో వస్తుంది. దాన్ని పిస్టన్ మళ్లీ పదకొండో వంతుకి నొక్కుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద గొట్టం కాలుతుంది చూడు, అలాగే. ఆ వేడికి స్పార్క్ పడి మంట పాకుతుండగానే మూలల్లో మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా దానంతటదే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఒకసారి రెండుసార్లు అయితే ఇంజన్ తట్టుకుంటుంది, ఘాట్‌లో పది నిమిషాలు ఫుల్ లోడ్ మీద అదే పనిగా జరిగితే పిస్టన్ పగులుతుంది.

కంపెనీవాళ్లు టర్బో పెట్టేటప్పుడు ఇంజన్‌ని మొదటినుంచీ దానికి తగ్గట్టే కడతారు. నువ్వు చెప్పిన బాలెనో ఆర్ఎస్‌లో ఉన్నది 998 సీసీ మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్. దాని కంప్రెషన్ 10:1కి తగ్గించారు, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, దాంతో లోపల గాలి కొంత చల్లబడుతుంది. నీ స్విఫ్ట్‌లో పెట్రోల్ బయట మానిఫోల్డ్‌లోనే, అంటే గాలి లోపలికి వెళ్లే గొట్టంలోనే కలుస్తుంది కాబట్టి ఆ లాభం లేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఆయిల్ దారులు, రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రామ్ అన్నీ ఆ లెక్క ప్రకారమే. ఆర్ఎస్‌కి వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులు ఇచ్చారు గుర్తుందా, నీకు వెనక డ్రమ్ములే. బండి వేగం పెంచినవాడు ఆపడం గురించి కూడా ఆలోచించాలి కదా.

ఇంకో సంగతి, హార్స్‌పవర్ అంకె చూసి మోసపోకు. బస్సు పక్కన నీకు తక్కువైంది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, దాన్ని ఎన్ఎంలో కొలుస్తారు. స్విఫ్ట్‌లో 113 ఎన్ఎం వస్తుంది, అదీ 4200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. బాలెనో ఆర్ఎస్‌లో 150 ఎన్ఎం 1700 నుంచే ఉంటుంది, పోలో 1.0 టీఎస్ఐలో 175 ఎన్ఎం 1750 నుంచి. పైగా అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పలచన, మామూలు ఇంజన్ పవర్ పదో వంతు దాకా తగ్గిపోతుంది. టర్బో ఉన్న బండి ఆ లోటును చాలావరకు తనే పూడ్చుకుంటుంది. నీ అవసరానికి టర్బో సరైనదే, తెచ్చుకునే దారే తేడా.

నల్గొండ_రోడ్లు:

పైన అన్న చెప్పిన ప్రతి మాటా నాకు జరిగింది. 2016లో నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఇలాగే కిట్ పెట్టించాను. పిస్టన్లు మార్చలేదు, కంపెనీ ఈసీయూ అలాగే ఉంచి పక్కన ఒక చిన్న పెట్టె తగిలించారు. నిజం చెప్పాలంటే మొదటి నెల గాల్లో తేలినట్టు ఉండేది, ఆఫీసు నుంచి ఇంటికి కావాలనే చుట్టుదారిలో వచ్చేవాడిని.

మే నెలలో విజయవాడ వెళ్తున్నాను, మధ్యాహ్నం ఎండ, కారులో ఐదుగురం. సూర్యాపేట దాటాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు సన్నగా ఒక చప్పుడు. ఏసీ ఫ్యాన్ అనుకుని పాటలు పెంచాను. ఇంకో పావుగంటకి అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. దిగి బానెట్ తీస్తే డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేచి ఉంది, చుట్టూ ఆయిల్ చిమ్మింది. ఇంజన్ విప్పాక మూడో పిస్టన్ నా చేతిలో పెట్టారు. రింగులు కూర్చునే గాడి అంచు గోరంత ముక్క విరిగిపోయి, సిలిండర్ గోడ మీద పైనుంచి కిందికి గీతలు. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

కిట్ పెట్టినవాళ్లని అడిగితే పెట్రోల్ బాగోలేదన్నారు. బోర్, కొత్త పిస్టన్లు, హెడ్ పని, టోయింగ్ అన్నీ కలిపితే కిట్ ఖరీదు దాటింది. చివరికి టర్బో పీకేసి మామూలుగా చేయించి అమ్మేశాను. డబ్బు సంగతి పక్కన పెట్టు, ఆ రోజు బండిలో నా పిల్లలున్నారు. అదే బాధ.

క్లెయిమ్_ఫైలు:

ఇంజన్ గురించి అందరూ చెప్పారు, నేను కాగితాల గురించి చెప్తాను, ఎందుకంటే నేను పనిచేసేది ఆ లైన్లోనే. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ కింద, ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చు.

రోడ్డు మీద ఎవరూ బానెట్ ఎత్తి చూడరులే అనుకుంటాం. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మాత్రం ఎత్తి చూస్తాడు. పాలసీలో రాయించని టర్బో కనిపించిందంటే మీ సొంత బండి క్లెయిమ్ అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. తల్లిని, పాపని కూర్చోబెట్టుకుని తిరిగే బండి గాజువాక గారూ, దయచేసి ఈ ఒక్కటీ బాగా ఆలోచించండి.

మద్రాస్_ట్రాక్:

కొంచెం ఆగండి, బయట టర్బో అంటేనే పాపం అన్నట్టు రాయకండి. చెన్నైలో ఉంటాను, మా ఫ్రెండ్స్‌ది ఒక పాత ఎస్టీమ్ ఉంది, దానికి టర్బో పెట్టి మూడేళ్లు అయింది, ట్రాక్ మీద ఇప్పటికీ అదరగొడుతోంది. కానీ దానికి ఏం చేశామో వినండి. తక్కువ కంప్రెషన్ వచ్చేలా ఫోర్జ్‌డ్ (మామూలు వాటికంటే గట్టి) పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, పెట్రోల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, వేరే ఫ్యూయల్ పంపు, పూర్తిగా కొత్త ఈసీయూ, సైలెన్సర్ గొట్టంలో గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్, ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్, గట్టి క్లచ్, బ్రేకులు. డైనో (బండిని కదలకుండా నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీద రెండు రోజులు ట్యూనింగ్. అయిన ఖర్చుతో ఇంకో మంచి కారు వచ్చేది. పైగా దాన్ని రోడ్డు మీద నడపం, ట్రాక్ దాకా లారీలో తీసుకెళ్తాం.

ఆ బండి శబ్దం విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఆ పని మీద నాకున్న ప్రేమ మాటల్లో చెప్పలేను. అందుకే చెప్తున్నా, ఐదు రోజుల్లో రెండు లక్షల నలభై వేలకి చేస్తామన్నవాళ్లు ఇందులో ఏవేవి వదిలేస్తున్నారో అడుగు బ్రో. పిస్టన్లు మారుస్తారా, ఇంజెక్టర్లు మారుస్తారా, డైనో షీట్ ఇస్తారా? మూడే ప్రశ్నలు.

ఘాట్_డ్రైవర్:

పన్నెండేళ్లుగా అరకు టూరిస్ట్ బండి తోలుతున్నాను. బాబూ, ఆ రోజు నువ్వు ఏ గేర్లో ఉన్నావు? నా లెక్కలో మూడో గేరు. స్విఫ్ట్ పెట్రోల్ మూడులో, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఎంత తొక్కినా ఏడుస్తుందే తప్ప లాగదు. బయటికి తీయకముందే రెండో గేరుకి దించు, మీటర్ ముల్లు నాలుగు వేలు చూపించనీ, ఇంజన్ అరుస్తుంది, అరవనీ. నిటారుగా ఉన్నచోట ఆ రెండు నిమిషాలు ఏసీ ఆపు. క్లచ్ కూడా ఒకసారి చూపించు, అరవై వేలు దాటిందంటున్నావు, లోడ్ మీద రేస్ పెరిగి బండి కదలకపోతే ప్లేట్ అరిగినట్టే. ఇంకోటి, ఆ ఘాట్‌లో బస్సుని దాటకపోతే పోయేదేం లేదు. టర్బో బండి కొన్నా సరే ఆ మలుపుల్లో దాటొద్దు.

గాజువాక_స్విఫ్ట్:

అందరికీ చాలా థాంక్స్. ఘాట్ అన్నా, మీరన్నది నిజమే, మూడో గేరే. నాకు ఇంజన్ ఆ అరుపు వినలేక ఎప్పుడూ గేరు ముందే మార్చేస్తాను.

ఈ రోజు షెడ్డుకి వెళ్లి ఆ మూడు ప్రశ్నలూ అడిగాను. పిస్టన్లు అక్కర్లేదన్నారు, ఇంజెక్టర్లు అవే చాలన్నారు, డైనో మా దగ్గర లేదు, రోడ్డు మీదే సెట్ చేస్తామన్నారు. నా ఇంజన్ కంప్రెషన్ ఎంతో తెలుసా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, నాన్న గుర్తులు బండిలోనే ఉన్నాయా ఏంట్రా, అమ్మెయ్ అంది. ఆదివారం మధురవాడలో ఒక పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ చూడ్డానికి వెళ్తున్నాను, 2021 మోడల్, 48 వేలు తిరిగిందట. పాత టర్బో బండి కొనేటప్పుడు ఏం చూడాలి?

ఇంజన్_పిచ్చి:

మంచి పని చేశావు తమ్ముడూ. మొదట సర్వీస్ చరిత్ర అడుగు, మాటల్లో కాదు, బిల్లులు చూడు. టర్బోలోని షాఫ్ట్ నిమిషానికి లక్షకి పైగా తిరుగుతుంది, అది ఆధారపడేది పల్చటి ఆయిల్ పొర మీద. ఆయిల్ టైముకి మార్చని బండి మెరిసిపోతున్నా వద్దు. ఆయిల్ పోసే మూత తీసి లోపల చూడు, నల్లటి జిగురు అట్ట కట్టి ఉంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

టెస్ట్ డ్రైవ్‌లో మూడో గేరులో 1500 నుంచి గట్టిగా తొక్కు. రెండు వేలు రాకముందే వీపు సీటుకి అదుముకున్నట్టు ఉండాలి. సైరన్ లాంటి కూత గానీ, ఉస్సుమని గాలి పోతున్న శబ్దం గానీ వస్తే టర్బో దగ్గరో హోస్ పైపుల దగ్గరో తేడా ఉంది. తర్వాత ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేస్ ఇవ్వు, వెనక ఎవరినైనా నిలబెట్టు, నీలం పొగ కనిపిస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెరగడానికి కంపెనీ ప్రోగ్రామ్ మార్చడం) చేయించారా అని సూటిగా అడుగు, చేయించిన బండయితే మన నల్గొండ తమ్ముడి కథ గుర్తు చేసుకో. స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే లోపాలు తెలుస్తాయి, అందుకే పొద్దున ఏడింటికల్లా వెళ్లు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్.