ఏపీఎస్ అనుమానం, రెండో టెస్టుకి 12 వారాలు ఆగమంటున్నారు. ఎవరికైనా అనుభవం ఉందా?

కొత్తచిగురు:
నమస్తే అండీ. మొదటిది తొమ్మిదో వారంలో పోయింది. చాలామందికి జరిగేదేలే అని అందరూ సర్దిచెప్పారు, నేనూ సర్దుకున్నాను. రెండోది 21వ వారం. స్కాన్ చేస్తున్నావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మెల్లగా స్క్రీన్ నాకు కనపడకుండా తిప్పింది, అప్పుడే అర్థమైపోయింది. ఇప్పుడు రక్తపరీక్షలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ వచ్చింది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఏపీఎస్) అనే, గర్భం నిలవనివ్వని జబ్బు కావచ్చట, కానీ 12 వారాలు ఆగి మళ్ళీ చేస్తేగానీ ఖాయంగా చెప్పలేరట, అప్పటిదాకా ప్రెగ్నెన్సీ వద్దన్నారు. నాకు 34. మూడు నెలలు ఊరికే కూర్చోవాలా? పైగా లూపస్ (మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) లేదంటున్నారు, మరి ఈ పేరేంటి? నెట్‌లో చూస్తే ఒకచోట రక్తం గడ్డకట్టనివ్వదనీ, ఇంకోచోట గడ్డకట్టిస్తుందనీ ఉంది.

ల్యాబ్‌కోటు:
పేరు సంగతి నేను చెప్తాను, రోజూ చేసే పనే. ఇది దారితప్పిన ఒకరకం యాంటీబాడీ (రోగాలతో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసే ప్రోటీన్). మొదట లూపస్ ఉన్నవాళ్ళ రక్తంలో కనిపించింది, ట్యూబులో పరీక్షిస్తే గడ్డకట్టడం ఆలస్యమయ్యేది, అందుకే ఆ పేరు తగిలించారు, యాంటీకోయాగ్యులెంట్ అంటే గడ్డకట్టనివ్వనిది అని. ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి మనం ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కలుపుతాం, ఈ యాంటీబాడీలు దాన్ని పట్టేసుకుంటాయి, కాబట్టి ఆలస్యం. ఒంట్లో మాత్రం సరిగ్గా తిరగబడి గడ్డలు కట్టిస్తాయి. లూపస్ లేనివాళ్ళకీ వస్తుంది, గడ్డకట్టకుండా ఆపదు, అంటే పేరులో రెండు ముక్కలూ తప్పే! 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టర్ ఈ జబ్బు గురించి వివరంగా రాశాక హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటున్నారు.

12 వారాలు ఎందుకంటే, ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్ళు కనపడి మాయమైపోతాయి. నిలబడి ఉంటేనే లెక్క. రెండోసారి యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి, దీంతో కలిపి మూడూ పాజిటివ్ అయితే రిస్క్ బాగా ఎక్కువ. హెపారిన్, వార్ఫరిన్ లాంటి గడ్డకట్టకుండా ఆపే మందులు వాడుతుంటే శాంపిల్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, రిజల్ట్ తేడా కొడుతుంది.

హాయిహాయి:
ఇంత టెన్షన్ ఎందుకండీ, ఆస్పిరిన్ వేసేసుకోండి. మా వదిన ఏ టెస్టూ లేకుండా వేసుకుంది, బంగారం లాంటి బాబు పుట్టాడు.

రెండుజడలు:
మీ వదినకి అసలు ఏపీఎస్ ఉందో లేదో కూడా తెలీదు కదండీ, ఆ బాబు ఆస్పిరిన్ లేకపోయినా పుట్టేవాడేమో. నా సంగతి వినండి. మూడు పోయాయి, మొదటి టెస్టు పాజిటివ్, రెండోది నెగటివ్. సంతోషించాలి కదా, నేను కారులో కూర్చుని ఏడ్చాను, ఎందుకంటే కారణం దొరికిందనుకున్నది మళ్ళీ చేజారింది. హెపారిన్ ఇవ్వమని డాక్టర్‌ని సతాయించాను కూడా. ఆవిడ ఇవ్వలేదు. ఏపీఎస్ ఉన్నవాళ్ళకి పనికొచ్చింది అందరికీ పనికిరాదట, పుట్టుకతో వచ్చే క్లాటింగ్ లోపం ఉండి అబార్షన్లయిన వాళ్ళకి హెపారిన్ ఇచ్చి చూసిన ఒక పెద్ద ట్రయల్ 2023లో వచ్చింది, దాంట్లో లాభం కనపడలేదు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆవిడదే రైటనిపిస్తోంది.

ఇంకో మాట చిగురూ, ఈ మూడు నెలలూ గర్భం రాకుండా వాడే మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉన్నవి మాత్రం తీసుకోవద్దు, అవి గడ్డలు కట్టే రిస్క్ పెంచుతాయి. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనే అడిగి తెలుసుకున్నాను.

పొద్దుతిరుగుడు:
నాకు ఏపీఎస్ ఖాయమైంది. ప్లాన్ చేసినప్పటి నుంచి చిన్న డోసు ఆస్పిరిన్, ప్రెగ్నెన్సీ తెలిసిన రోజు నుంచి ఎనాక్సాపరిన్ (ఒకరకం హెపారిన్) 40 మిల్లీగ్రాముల సూది రోజుకొకటి. హెపారిన్ మాయ దాటి బిడ్డకి చేరదు, అది నాకు పెద్ద ధైర్యం. ఎవరైనా వార్ఫరిన్ మీద ఉంటే మాత్రం ప్లాన్ చేసే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, అది దాటుతుంది, మొదటి మూడు నెలల్లో బిడ్డకి హాని.

సూదుల దెబ్బకి నా పొట్ట ఏడో నెలకి పాత బెడ్‌షీట్‌లా ఉండేది, ఒకచోట ఊదా, ఒకచోట ఆకుపచ్చ, మానుతున్నచోట పసుపు. బొడ్డుకి కనీసం రెండంగుళాల దూరంలో, చర్మం మడతపెట్టి పట్టుకుని సూది నిటారుగా దించి, మందంతా మెల్లగా పోయి సూది బయటికొచ్చేదాకా మడత వదలకూడదు. ఈరోజు ఎడమ, రేపు కుడి.

అన్నీ చేసినా 33వ వారంలో బీపీ పెరిగింది, డాప్లర్ స్కాన్‌లో బిడ్డకి వెళ్ళే రక్తప్రవాహం తగ్గింది, ఆపరేషన్ చేసేశారు. పాప 1.6 కిలోలు. మూడు వారాలు ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ). ఇప్పుడు నాలుగేళ్ళు, తెగ వాగుతుంది. అంటే మందు వాడితే చాలామందికి బిడ్డ దక్కుతుంది కానీ గండాలేవీ ఉండవని కాదు, గ్రోత్ స్కాన్లు ఒక్కటీ వదలొద్దు. ఒక కాలే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రేపు చూద్దాంలే అనుకోకండి. కాన్పయ్యాక కూడా ఆరు వారాలు సూదులుంటాయి, అప్పుడే అందరూ వదిలేస్తారు, అప్పుడే రిస్క్ ఎక్కువ.

సూదిమావయ్య:
మా ఆవిడకి నేనే వేసేవాణ్ణి. డోసు ఎన్నింటికి వేశారో రాసిపెట్టుకోండి. ఒకరోజు రాత్రి తొమ్మిదికి సూది వేశాను, పదకొండుకి నొప్పులు మొదలయ్యాయి. మత్తు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే, ఈ డోసుకి 12 గంటలు గడవందే వెన్నులో సూది వేయరట. పొద్దున తొమ్మిదిదాకా తను నా చెయ్యి నలిపేసింది.

కొత్తచిగురు (ఎనిమిది నెలల తర్వాత):
అందరికీ థాంక్స్. అప్పుడు రెండో టెస్టూ పాజిటివ్ వచ్చింది, మూడింట్లో రెండు. ఆస్పిరిన్ అప్పటి నుంచీ వాడుతున్నాను. నిన్న పొద్దున రెండు గీతలు వచ్చాయి. ఇవాళ మొదటి సూది, సిరంజి చేతిలో పెట్టుకుని పావుగంట నుంచి కూర్చున్నాను. లోపల చిన్న గాలి బుడగ ఉంది, నొక్కి తీసేయాలా?

సూదిమావయ్య:
వద్దమ్మా! అది కంపెనీవాళ్ళు కావాలని ఉంచిందే, పూర్తి డోసు వేసేటప్పుడు అలాగే వేసేయాలి. నొక్కితే మందు చుక్క పోతుంది. వేశాక అక్కడ రుద్దకు.

కొత్తచిగురు:
వేసేశా. రుద్దలేదు.