‘పెటిషన్ ఫర్ రివ్యూ’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికాలో శరణు దొరకని ఒకతని కేసు తీర్పును తెలుగు చేస్తున్నాను. ‘పెటిషన్ ఫర్ రివ్యూ’ అన్నచోట ‘రివ్యూ పిటిషన్’ అని రాస్తే లాయరు మిత్రుడు ఎర్ర గీత పెట్టాడు. మాటలు అవే కదండీ, ముందువెనకలైతే వచ్చిన నష్టమేంటి?

జవాబు: ఆ ముందువెనకల్లోనే ఉందండీ తిరకాసంతా. మన దగ్గర రివ్యూ పిటిషన్ అంటే తీర్పిచ్చిన కోర్టునే మళ్లీ చూడమని అడగడం. అక్కడ అలా కాదు. శరణు కేసు వినే ఇమిగ్రేషన్ జడ్జీ, ఆ పైన అప్పీలు వినే బోర్డూ, ఇద్దరూ ప్రభుత్వ న్యాయశాఖ కిందివాళ్లే. బోర్డులోనూ ఓడాక 30 రోజుల్లోగా ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో వేసేది ఈ పిటిషన్. అంటే ఆ కేసు ప్రభుత్వ శాఖ గడప దాటడం అదే మొదలు. ‘రివ్యూ పిటిషన్’ అంటే అదే కోర్టుకు రెండోసారి వెళ్లాడనుకుంటారు.

‘పునర్విచారణ’ ఇంకా తప్పు. ఆ కోర్టు కొత్త సాక్ష్యం తీసుకోదు, రికార్డులో ఉన్నదే చూస్తుంది. వాస్తవాల విషయంలో, బుద్ధి ఉన్నవాడెవడైనా అందుకు భిన్నంగా తేల్చక తప్పదు అన్నంత గట్టిగా రికార్డు ఉంటే తప్ప బోర్డు మాటే చెల్లుతుంది. ‘న్యాయ సమీక్ష’ తప్పు కాదు గానీ, ఆ మాట వినగానే మనకు చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్న చర్చే గుర్తొస్తుంది. ఒట్టి ‘సమీక్ష’ అంటారా, సినిమా వాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. నేనైతే ‘కోర్టు పరిశీలన కోరే పిటిషన్’ అంటాను. ‘పునః’ వద్దు, చూసే కళ్లు కొత్తవి కదా.

మరొకరు: పనిలో పనిగా ఇంకోటి, ఇలాంటి తీర్పుల్లో ఎదురయ్యే మాటే. టార్చర్‌ను ‘హింస’ అని రాయకండి, ‘చిత్రహింస’ అనండి. 1984 నాటి ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒప్పందం ప్రకారం ఎవరు కొట్టినా టార్చర్ అయిపోదు. అధికారి స్వయంగా చేయాలి, చేయించాలి, ఒప్పుకోవాలి, లేదా ‘అక్వియెసెన్స్’ ఉండాలి. ఈ చివరిదానికి నిఘంటువులో ‘మౌనాంగీకారం’ దొరుకుతుంది. నాకు నచ్చదు, పెళ్లిచూపుల్లో మాటలా ఉంటుంది. జరుగుతుందని ముందే తెలిసీ, ఆపాల్సిన బాధ్యత ఉండీ ఆపకపోవడం అది. మన నోట్లో ఉన్న మాటే సరిపోతుంది: చూసీ చూడనట్టు ఊరుకోవడం.

మొదట అడిగినవారు: బావుంది, వాడేస్తాను. చివరిగా ఒకటి. ‘కోర్టు శరణు నిరాకరించింది’ అని శీర్షిక పెట్టొచ్చా?

జవాబు: వద్దు. శరణు కాదన్నది బోర్డు, కోర్టు కొట్టేసింది పిటిషన్‌ని. గెలిచినా కోర్టే శరణు ఇచ్చేయడం ఉండదు, మామూలుగా మళ్లీ తేల్చమని కేసును బోర్డుకే పంపుతుంది. అక్కడ మాత్రం ‘వెనక్కి పంపింది’ అనకండి. ఇలాంటి కేసులో వెనక్కి పంపడమంటే దేశం నుంచి పంపేయడమే అనుకుంటారు.

మొదట అడిగినవారు: అయ్యో! నా రెండో పేరా మొదలే ‘ఇలాంటి కేసులోనే గెలిచిన మరొకణ్ణి కోర్టు వెనక్కి పంపింది’. ఉండండి, దిద్దుకొస్తాను.